పన్నెండో చీటీ

మాధవరం,
జూన్ 19, 2025.

ప్రియమైన జయంతి అత్తకి,

మాట ఇచ్చినట్టే రాస్తున్నాను. సూళ్లూరుపేట స్టేషన్లో నన్ను రైలెక్కిస్తూ నువ్వు పెట్టిన షరతు గుర్తుంది. "ఈ సెమిస్టరంతా ఫోన్లో సంగతులు చెప్పకూడదు మే. తెలుగులో ఉత్తరం రాయాల. ఫోనంటే మూడో మాటకే తమిళంలోకి దూకేస్తావు." ఏడు వేసవి సెలవులు నీ పక్కన కూచుని దిద్దిన అక్షరాలివి. తప్పులుంటే ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి వెనక్కి పంపొద్దు. నేను మీ బడిలో రెండో తరగతి పిల్లని కాదు.

అత్తా, అయిదో సెమిస్టరు మొదలైంది! డిగ్రీ చివరి ఏడాది. ఈసారి నేను పాత సింధూరిని కాదు. ముందు బెంచీలో కూచుంటున్నాను. ఆరూ ఇరవై బస్సు పట్టుకుని, బీచ్ స్టేషన్లో రైలెక్కి, మైలాపూరులో అందరికంటే ముందు దిగుతున్నాను. రికార్డులో బొమ్మలు సెలీనావి చూసి గీయకుండా నా కళ్లతో చూసినవే గీస్తానని ఒట్టు పెట్టుకున్నాను. సెలీనా తెలుసుగా, రాయపురం పిల్ల, ల్యాబులో నా జోడీ. ఆ ఒట్టు విని నాకంటే తనే ఎక్కువ సంతోషించింది.

అసలు సంగతి ఇది. భువనేశ్వరి మేడం మొదటి క్లాసులోనే చెప్పారు. డిసెంబర్లో కొల్లిమలై కొండల్లో పది రోజుల క్యాంపు. పొద్దున్నే అడవిలోకి వెళ్లి మొక్కలు పోల్చుకోవడం, మధ్యాహ్నం వాటిని కాగితాల మధ్య పెట్టి ఆరబెట్టడం. క్లాసులో ముప్ఫై ఎనిమిది మందిమి ఉన్నాం. మేడంతో వెళ్లేది ఇద్దరే. ఆగస్టు పధ్నాలుగున ప్రాజెక్టు సెమినారు. ఎవరిది బాగుంటే వాళ్లు. నాకు వెళ్లాలని ఎంతుందో రాయాలంటే ఈ కవరు చాలదు.

నా ప్రాజెక్టు ఏమిటో తెలుసా? మన కొట్టు! సౌకార్‌పేటలో తాత పెట్టిన నాటుమందుల కొట్టులో వేళ్ల వరస ఉంది కదా, పన్నెండు సొరుగులు. ఒక్కో వేరూ పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి, బొమ్మ గీసి, ఇది ఫలానాదే అని రుజువు చేస్తాను. పక్కన తెలుగు పేరు తెలుగు అక్షరాల్లో! క్లాసులో అది రాయగలిగేది నేనొక్కదాన్నే.

నాయన విని నవ్వాడు. "వేళ్లు అమ్మేదానికి మైక్రోస్కోపు ఎందుకు మే? ముక్కుంటే చాలదా?" అన్నాడు. చూస్తూ ఉండు, కొట్లో ఎవర్నీ ఒక్క మాట అడగకుండా నేనే చేసి చూపిస్తాను. ఆయుధపూజ రోజు బొరుగులూ శనగలూ తినడానికి తప్ప నేను లోపలికి వెళ్లింది లేదు.

అన్నట్టు, ఒకటి అడగాలి. మాధవరం ఇంట్లో ఏ శుభకార్యానికైనా నువ్వే ముందొస్తావు. కొట్టుకి మాత్రం ఎందుకు రావు? అమ్మనడిగితే "మీ అత్తనే అడుగు" అంటుంది.

నీ
సింధూరి


సూళ్లూరుపేట,
జూన్ 27.

వసపిట్ట సింధూరికి అత్త ముద్దులు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ విజయకుమార్ మామ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే ఆయనకీ చదివి వినిపించాను. తప్పులు మూడే. ఏవో చెప్పను, నువ్వే పట్టుకో.

మే, నీ హుషారు నాకు అంటుకుంది. సాయంత్రం కూరకి వంకాయలు తరుగుతూ ఒక తొడిమని అడ్డంగా, కాగితమంత పల్చగా కోసి, కిటికీ వెలుతురుకి పట్టుకుని చూశాను. మామ చూసి, "కూర ఈ పూటకేనా, రేపటికా?" అని అడిగాడు.

నీకు పనికొచ్చేవి రెండు మాటలు చెప్తాను. ఎండిన వేరుని అలాగే కోస్తే పొడైపోతుంది. ముందు రోజు పొద్దున్నే నీళ్లలో వెయ్యి. కోసేటప్పుడు బ్లేడు నీ వైపుకి లాక్కో, ముందుకి తోయకు. ఇరవై ముక్కలు కోస్తే ఒకటి బాగా వస్తుంది, దాని కోసం ఓపిక పట్టాలి. చిన్నపిల్లలకి అఆలు నేర్పే పంతులమ్మకి ఇవన్నీ ఎట్లా తెలుసని అడగొద్దు. ఎక్కడో విన్నాను.

కొట్టుకి రాకపోవడానికి ఏముంది, తీరిక లేక. బడి, ఇల్లు, మళ్లీ బడి. మాధవరం వచ్చిన రోజే తిరుగు రైలుకి పరుగెత్తుతాను, చూస్తావుగా.

ఆ సొరుగుల మీద పేర్ల చీటీలు ఇప్పుడు ఎవరు రాస్తున్నారు? ఊరికే అడుగుతున్నా.

ముందు బెంచీ వదలొద్దు.

మీ అత్త
జయంతి


మాధవరం,
జూలై 12.

అత్తా,

అయిపోయింది, మొదటి అంకం అయిపోయింది! నిన్న కాలేజీ నుంచి సెలీనాని వెంటపెట్టుకుని సౌకార్‌పేట వెళ్లాను. ఆటోవాడు మలుపులోనే దింపేశాడు. మూటలు మోసేవాళ్లని తప్పించుకుంటూ లోపలికి నడిచి కొట్టు చేరేసరికి సెలీనా పదిసార్లు తుమ్మింది. మిరియాల వీధి దాటాలి కదా.

నాయన భోజనానికి వెళ్లాడు. మన పాత గుమాస్తా వెంకటపతి తాత చుట్టూ బేరగాళ్లు. ఆయనకి డెబ్బై దాటాయి, అయినా ముగ్గురితో ఒకేసారి మాట్లాడుతూ, చేతులు మాత్రం వెనక్కి పోనిచ్చి, చూడకుండానే సొరుగు లాగి పిడికెడు తీసి తక్కెట్లో వేస్తాడు. నన్ను చూసి "ఏం మే, ఏం కావాల?" అన్నాడు. "ఏం ఒద్దు తాతా, నేనే తీసుకుంటా" అన్నాను. "జాగ్రత్తగా తియ్, సొరుగు కాలి మీద పడతాది" అని మళ్లీ బేరంలో పడ్డాడు.

అత్తా, ఆ చీటీలు! కాగితం పసుపు పచ్చగా అయిపోయింది. ఏటా పూజకి పెట్టిన గంధం, కుంకుమ బొట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. కింద అక్షరాలు మాత్రం ముత్యాలు. నేను ఒక్కొక్కటే పైకి చదువుతుంటే, అతిమధురం, అశ్వగంధ, శతావరి, సుగంధిపాల... సెలీనా చప్పట్లు కొట్టింది. ఆ శ చుట్టు చూసి నాకు అనుమానం వచ్చింది. నువ్వు నాకు నేర్పిన శ అదే. అవి నువ్వు రాసినవేనా? నువ్వు అడిగావని అమ్మని కనుక్కున్నాను. ఇప్పుడు ఎవరూ రాయడం లేదట, అవే పాతవట.

మొదటి సొరుగు మీద చీటీ లేదు, ఎండిపోయిన జిగురు మరక మాత్రం ఉంది. పేరు లేనిదాంతో మనకేం పని అని వదిలేశాను. మిగతా పదకొండు సొరుగుల్లోంచి పదకొండు పొట్లాలు కట్టి, చీటీ మీది పేరు పొట్లం మీద రాసుకుని, నాయన వచ్చేలోపల బయటపడ్డాం.

ఇప్పుడు పదకొండు గిన్నెల్లో వేళ్లు నానుతున్నాయి. అందులో నాలుగు అమ్మ ఇడ్లీపిండి గిన్నెలు. ఇంట్లో యుద్ధం నడుస్తోంది, నేనే గెలుస్తున్నాను.

ఈలోగా వంకాయ తొడిమల మీద సాధన, నువ్వు చెప్పినట్టే బ్లేడు నా వైపుకి లాగుతున్నాను. ఇరవైకి ఒకటి కాదు, పదికి ఒకటి వస్తోంది!

నీ
సింధూరి


సూళ్లూరుపేట,
జూలై 18.

సింధూరికి,

అవును, అవి నేను రాసినవే. ఇన్నేళ్లకీ అవే ఉన్నాయని నేను అనుకోలేదు.

ఒక పని చెయ్యి. ఆ పదకొండు పొట్లాలూ వెంకటపతికి చూపించు. చూపించకుండా ముందుకి పోవద్దు. ఎందుకని అడగకు, ఇప్పుడు రాయలేను. బడిలో పరీక్షలు.

జయంతి అత్త


మాధవరం,
జూలై 31.

అత్తకి,

ఈ ఉత్తరం నాయనకి తెలియకూడదు. మామకి కూడా చదివి వినిపించొద్దు.

నీ చిన్న ఉత్తరం అందింది. నిజం చెప్తున్నాను, దాన్ని చూసి నాకు కోపమొచ్చింది. నాయనలాగే నీకూ నామీద నమ్మకం లేదా అనుకున్నాను. ఎవర్నీ అడగకుండా చేస్తానని నీకు రాశాను కదా. అందుకే వెంకటపతి తాతకి చూపించలేదు. ఇప్పుడు చూపించడానికి మనసొప్పడం లేదు.

మన కొట్లో అమ్మేవన్నీ కల్తీ.

పోయిన సోమవారం మొదటి స్లయిడు పెట్టాను. అతిమధురం. పుస్తకంలో లోపల పచ్చగా ఉంటుందని ఉంది, మధ్య నుంచి అంచుకి గీతలు ఉండాలని ఉంది. నా దానిలో పచ్చదనం లేదు, గీతలూ లేవు, అంతా పిండి రేణువులు. కోయడం తప్పిందేమో అనుకున్నాను. సెలీనా పొట్లంలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, మొహం వికారంగా పెట్టి, "ఇదు అతిమధురం ఇల్ల డీ" అంది. అతిమధురం కాదు! చేదు. నేనూ నమిలి చూశాను. తర్వాత అశ్వగంధ చూశాను, కాదు. శతావరి పొట్లం విప్పితే నన్నారి షర్బత్ వాసన. పదకొండింటికి పదకొండూ అంతే, ఒక్కటి కూడా పొట్లం మీద పేరుతో కలవలేదు. ఏవి కావో తెలిసింది, ఏవో పోల్చేంత ఓపిక నాకు మిగల్లేదు.

మేడంకి చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. ఆవిడ కళ్లు మెరిశాయి. "ఇది ప్రాజెక్టంటే! టైటిల్ మార్చు. బజారులో వేళ్ల మందుల కల్తీ అని పెట్టు" అన్నారు. క్యాంపు దాదాపు నా చేతికి వచ్చినట్టే. కానీ నమూనాలు ఎక్కడ కొన్నామో రిపోర్టులో కొట్టు పేరుతో రాయాలట. ఆదికేశవులు శెట్టి అండ్ సన్స్ అని నా చేత్తో నేనే రాయాలి.

రాత్రి భోజనాల దగ్గర నాయన వైపు చూడలేకపోతున్నాను. నిన్న అడిగాడు, "ఏం మే, మైక్రోస్కోపు ఏం చెప్పినాది?" అని. "ఇంకా చూడలేదు" అని అబద్ధం చెప్పాను. పిల్లల దగ్గుకని, బాలింతలకని ఎంతమంది వస్తారు ఆ కొట్టుకి! తాత ఫొటోకి రోజూ దండం పెట్టుకుని కాలేజీకి వెళ్లేదాన్ని, మూడు రోజులుగా పెట్టడం లేదు.

చెప్తే ఇంటి పరువు పోతుంది. చెప్పకపోతే నేను కళ్లతో చూసిందే గీస్తానన్న ఒట్టు పోతుంది. చెప్పాలనే నిర్ణయించుకున్నాను అత్తా. ఏడుస్తూ నిర్ణయించుకున్నాను. నీకు ముందుగా తెలియాలని రాస్తున్నాను.

సింధూరి


సూళ్లూరుపేట,
ఆగస్టు 4.
(స్పీడ్ పోస్టులో)

నా బంగారు తల్లికి,

కన్నీళ్లు తుడుచుకుని తాత ఫొటోకి దండం పెట్టుకో. మన కొట్లో కల్తీ లేదు. ఏనాడూ లేదు. తప్పంతా ఆ చీటీలది. చీటీలు అంటించిన చెయ్యి నాది.

జూలైలో నీ ఉత్తరం చదివిన రోజే ఇది రాసి ఉండాల్సింది. పరీక్షలని బొంకాను. రెండో తరగతి పిల్లలకి జూలైలో పరీక్షలేమిటి? సిగ్గుపడి దాచాను. నా సిగ్గు నీ మెడకి చుట్టుకుంది.

విను. నేనూ నీలాగే బీయస్సీ బాటనీ చదివాను. నీకెవరూ చెప్పలేదు, ఎందుకంటే అది మూడో సెమిస్టరు మొదట్లోనే ఆగిపోయింది. 1998 జూలైలో మా నాయన మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కొట్లో లెక్క తెలిసిన మనిషి ఒకరు కూచోవాలి. మీ నాయన బెంగుళూరులో చదువుతున్నాడు, వాణ్ని పిలవలేదు. నన్ను పిలిచాడు. "ఒక్క సెమిస్టరే కదమ్మా. మళ్లీ పొయి చదువుకుందువులే" అన్నాడు. నా రికార్డు పుస్తకంలో అప్పటికి తొమ్మిది బొమ్మలున్నాయి. వాటిలో రెండిటికి మా కాలేజీ మేడం "గుడ్" అని రాసింది.

నేను కూచున్నాను. పండగ దగ్గర పడే వేళకి నా పెళ్లిమాటలు మొదలయ్యాయి. ఇక సెమిస్టరూ లేదు, ఏమీ లేదని నాకు అర్థమైపోయింది. నేను కూచుంటే, పైన బోర్డు మీద "అండ్ సన్స్" అని రాసి ఉండేది. రోజూ దాని కిందినుంచే లోపలికి వెళ్లేదాన్ని.

మన కొట్లో ఆచారం నీకు తెలియదు. ఏటా ఆయుధపూజ ముందు పాత చీటీలు గీకేసి కొత్తవి రాసి అంటించేవాళ్లు. మైదా జిగురు కాచేది వెంకటపతి, రాసేది నేను. ఆ ఏడు కూడా నేనే రాశాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, వేళ్ల వరసలో పన్నెండు చీటీలనీ ఒక్కో సొరుగు జరిపి అంటించాను. మొదటి సొరుగులో అతిమధురం ఉంటుంది, దాని చీటీ రెండో సొరుగుకి అంటించాను. రెండోది అశ్వగంధ, దాని చీటీ మూడోదానికి. అట్లా చివరిదాకా. అందుకే మొదటి సొరుగుకి పేరు లేదు. అందుకే నీకు అతిమధురం చేదుగా తగిలింది, అది అశ్వగంధ. చివరి సొరుగులో ఉండేది వస. దాని చీటీ నా చేతిలో మిగిలిపోయింది. అది ఈ రోజుకీ నా దగ్గరే ఉంది.

మర్నాడు పూజ అయిపోయాక నాకు భయం పట్టుకుంది. బొట్లు పెట్టిన చీటీని మళ్లీ పూజ వచ్చేదాకా పీకకూడదు. పీకుతానంటే ఎందుకని అడుగుతారు. వెంకటపతి చేతులకి చీటీలతో పనిలేదు, ఆ ఒక్క ధైర్యంతో ఏడాది గడిస్తే చాలనుకున్నాను. ఫిబ్రవరిలో పెళ్లై ఇటు వచ్చేశాను. ఆ తర్వాత పూజకి రమ్మని మా నాయన కబురు పెట్టాడు. నేను వెళ్లలేదు. కొట్లోకి అడుగుపెడితే అందరి ముందూ నన్ను అడుగుతాడని భయం. నావల్ల ఎవరికైనా తప్పు మందు పడి ఉంటే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కొట్టు ఇంకొంచెం దూరమయ్యేది. ఆయన పోయినప్పుడు కూడా మాధవరం ఇంటికే వచ్చాను.

నీ స్లయిడ్లు తియ్యి. ప్రతి బొమ్మనీ చీటీ వరసలో దాని తర్వాతి పేరుతో పోల్చి చూడు. తేడా వస్తే నన్నడుగు.

ఈ ఉత్తరం మీ నాయనకి చూపిస్తావో దాస్తావో నీ ఇష్టం. ఇరవై ఏడేళ్లు నేను దాచాను, అది చాలు.

మీ
జయంతి అత్త


మాధవరం,
ఆగస్టు 16.

అత్తా అత్తా అత్తా,

ఎక్కడ మొదలుపెట్టను? అన్నీ ఒకేసారి చెప్పాలని ఉంది. సరే, వరసగా చెప్తాను. మొదటి సొరుగు నుంచి!

నీ ఉత్తరం ఆరో తేదీ వచ్చింది. చదవగానే బొమ్మలన్నీ మంచం మీద పరిచాను. అతిమధురం అని రాసి కొట్టేసిన బొమ్మ పక్కన పుస్తకంలో అశ్వగంధ పేజీ పెట్టాను. అదే! శతావరి అనుకున్నది సుగంధిపాల, నన్నారి అంటే అదేగా! దుంపరాష్ట్రం చీటీ ఉన్న చివరి సొరుగు వేరులో అన్నీ గాలి గదులు కనిపించి, ఇదేం వేరురా బాబూ అనుకున్నాను. వస! నీళ్లల్లో పెరిగే మొక్కకి గాలి గదులుండవా మరి? పదకొండూ అంతే, ఒక్కో అడుగు పక్కకి జరిపితే అన్నీ సరిపోయాయి. ఆ మంచం మీదే గెంతాను. అమ్మ వచ్చి ఇడ్లీ గిన్నెలు ఎప్పుడిస్తావని అడిగింది.

తర్వాత సౌకార్‌పేట పరుగెత్తాను. ముందు వెంకటపతి తాతని అడిగాను, నువ్వు జూలైలో చెప్పిన పని ఆగస్టులో చేశానన్నమాట. చీటీలు జరిగి ఉన్నాయని తెలుసా తాతా అంటే ఆయన నవ్వాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను, నిదానంగా చదువు.

"తెలియకేం మే! పూజ నాడే మీ తాత ఊతకట్టె పట్టుకుని వచ్చి చూసినాడు. నేను కత్తి తీసుకుని గీకబోతే, ఒద్దురా వెంకటపతీ, బొట్టు పెట్టేసినాము. మళ్లీ పూజకి అదే వచ్చి సరిగ్గా రాస్తాదిలే అన్నాడు. కోపం రాలేదు ఆయనకి. నేను దాని చదువు ఆపినాను గదా, అది నా చీటీలు జరిపింది, సరికి సరి అన్నాడు. ఆడ నవ్వినాడు, ఇంటికి పొయ్యేటప్పుడు మాత్రం కండ్లు తుడుచుకున్నాడు."

తప్పు మందు సంగతి అడిగాను. ఆయనకి రోషం వచ్చింది. "ఈ కొట్లో చీటీ చదివి మందిచ్చినోడు ఎవుడు మే? వాసన చూసి గదా ఇచ్చేది! ఎవురికీ ఏమీ కాలేదని మీ అత్తకి రాయి." రాశాను చూడు.

ఇంకా ఉంది. ఏటా పూజకి తాత పన్నెండు తెల్ల కాగితం ముక్కలు కత్తిరించి, జిగురు కాయించి, వేళ్ల వరస ముందు పెట్టించేవాడట. "జయంతి వస్తే రాస్తాది." నువ్వు వచ్చేదానివి కాదు. పూజ అయ్యాక ఆ ముక్కల్ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టేవాడట. వేరే ఎవరినీ రాయనివ్వలేదు. తాత పోయాక నాయన కూడా ఏటా పన్నెండు ముక్కలు కత్తిరిస్తున్నాడు. ఆ పళ్లెం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను అత్తా! బొరుగుల పళ్లెం పక్కన తెల్ల కాగితాల పళ్లెం. అదీ పూజలో ఒక భాగమనుకున్నాను.

ఇంతలో నాయన వచ్చాడు. నీ ఉత్తరం ఇచ్చాను. తెలుగు కూడబలుక్కుని చదువుతుంటే ఓపిక పట్టలేక నేనే పైకి చదివాను. "ఒక్క సెమిస్టరే కదమ్మా" దగ్గర చెయ్యెత్తి ఆపమన్నాడు. సొరుగుల దగ్గరికి వెళ్లి ఒక చీటీ మీద వేలు పెట్టాడు. "పొరపాటున జరిపిందనే ఇన్నాళ్లూ అనుకున్నా మే. నన్ను చదివించేదానికి దాని చదువు ఆపినారని నాకు తెలుసు. తెలిసే బెంగుళూరులో కూచున్నా. ఒక్కసారి కూడా దాన్ని అడగలేదు" అన్నాడు. తర్వాత ఒక్కసారిగా నా వైపు తిరిగి, "అది సరే, మన కొట్లో కల్తీ అని కాలేజీలో చెప్పేదానికి పోతా ఉంటివా నువ్వు? నన్నొక మాట అడగవా?" అన్నాడు. అడక్కుండా చేయడం ఈ ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే అన్నాను. తిడతాడనుకున్నాను, నవ్వాడు.

ఇక సెమినారు. మేడంకి ముందే అంతా చెప్పేశాను, కల్తీ టైటిల్ కొట్టేశాను. ప్రాజెక్టు పోయిందనుకున్నాను. పదకొండు బొమ్మలు చూపించి, పేర్లు తప్పని, బొమ్మలు ఒప్పని చెప్పాను. నీ పేరు చెప్పలేదు, "మా ఇంటి మనిషి" అన్నాను.

అయ్యాక మేడం లేచారు. ఏమన్నారంటే, "అతిమధురం అని పేరు రాసి ఇస్తే ముప్ఫై ఏడు మంది పుస్తకంలో అతిమధురం చూసి గీస్తారు. ఈ అమ్మాయి పేరు తప్పని తెలియకపోయినా తను చూసిందే గీసింది. పదకొండుసార్లు."

అత్తా, కొల్లిమలై! నేనూ సెలీనా! తన ప్రాజెక్టు కూడా మేడంకి నచ్చింది. జాబితా బోర్డు మీద పెట్టారు. సెలీనా అరిచిన అరుపుకి పక్క డిపార్ట్‌మెంటు వాళ్లు బయటికొచ్చారు.

ఆయుధపూజ అక్టోబరు ఒకటిన. నాయన ఇవాళే కాగితాలు కత్తిరించేశాడు, ఇంకా నెలన్నర ఉండగానే. పన్నెండు ముక్కలు. రాయడానికి నేనున్నానుగా అని ఊరికే అన్నాను. "నువ్వు వేరే వరస రాయి. ఈ వరస రాసేదానికి మనిషుంది" అన్నాడు.

వస్తావు కదూ?

నీ
సింధూరి


సూళ్లూరుపేట,
ఆగస్టు 23.

కొల్లిమలై సింధూరికి,

నీ ఉత్తరం అందిన రోజు నేను బడికి వెళ్లలేదు. మామ టీ పెట్టి ఇచ్చాడు, చల్లారిపోయింది, మళ్లీ పెట్టి ఇచ్చాడు. ఆ పళ్లెం సంగతి దగ్గరే ఆగిపోతున్నాను. ముందుకి చదవడం, మళ్లీ వెనక్కి రావడం. అడుగుతాడని భయపడ్డాను, ఆయనేమో నేను వస్తానని కాగితాలు కత్తిరించుకుంటూ కూచున్నాడు. ఆయన బతికుండగా ఒక్కసారి వెళ్లి ఉంటే ఎంత బాగుండేది! అది ఎప్పటికీ బాధే, ఉండనీ. ఇప్పుడు మాత్రం ఏడుపుకంటే సంతోషమే ఎక్కువగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

మీ నాయన ఫోన్ చేశాడు. అయిదు నిమిషాలు ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం. పెట్టేసే ముందు "అక్కా, పూజకి ఒస్తావు గదా?" అన్నాడు. ఒస్తానురా అన్నాను. అంతే, మా ఇద్దరికీ అది చాలు.

సెప్టెంబరు ముప్ఫైయో తేదీ మధ్యాహ్నం రైలుకి వస్తున్నాను, మామ కూడా. నేరుగా సౌకార్‌పేటకే. వెంకటపతిని జిగురు పల్చగా కాయమను, ఆయనెప్పుడూ గట్టిగా కాస్తాడు. నువ్వు పక్కన కూచుని సొరుగు సొరుగుకీ వేరు వాసన చూసి పేరు చెప్పు, నేను రాస్తాను. పదకొండు చీటీలే రాస్తాను. వస చీటీ కొత్తది రాయను. నా దగ్గరున్న పాతదే తెస్తున్నాను, పెళ్లి చీరల పెట్టెలో అడుగున ఉంది. అక్షరాలు కొంచెం వెలిశాయి. దాన్ని దాని సొరుగుకి నా చేత్తో అంటించాలి.

ఇంకో సంగతి. నీ జూన్ ఉత్తరం చదివినప్పటి నుంచీ మామ ఒకటే పోరు. చివరికి దూరవిద్యలో బీయస్సీ ఫారం ఆయనే పట్టుకొచ్చాడు. ప్రాక్టికల్సు ఆదివారాలు నెల్లూరులోనట. పాత ఏడాది చదువు, తొమ్మిది బొమ్మలు లెక్కలోకి రావట, మళ్లీ మొదటినుంచీ చదవాలట. ఫారంలో వయసు దగ్గర నలభై ఆరు అని గుండ్రంగా రాశాను. నిన్న సంతకం పెట్టి పోస్టులో వేశాను. జనవరిలో క్లాసులు. ముందు బెంచీ నాదే, ఎవరొచ్చినా లేవను.

ఒక్క సెమిస్టరే కదమ్మా అన్నాడు మా నాయన. ఆరు చదువుతాను.

కొట్టుకి వచ్చేటప్పుడు నీ మొదటి సెమిస్టరు నోట్సులు తీసుకురా. సెలీనావి కూడా, ఇదివరకు నువ్వు తన బొమ్మలు చూసే గీసేదానివిగా.

నీ జూనియర్,
జయంతి